హెల్త్ చెకప్‌కు వెళ్తున్నారా? వారం ముందు తయారీ నుంచి రిపోర్టు చదివే దాకా

"ఒంట్లో బాగానే ఉంది కదా, ఇప్పుడెందుకు లేనిపోనివి తవ్వుకోవడం?" హెల్త్ చెకప్ మాట ఎత్తగానే చాలామంది అనే మాట ఇది. కానీ బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు మొదటి ఏళ్లలో చాలామందికి నొప్పి పెట్టవు, జ్వరం తేవు, నిద్ర చెడగొట్టవు. మనకు తెలిసేసరికి రక్తనాళాల్లోనో కంటి లోపలి పొరలోనో వాటి పని అవి చేసుకుపోయి ఉంటాయి. బాగున్నప్పుడే వెళ్లమనేది అందుకే.

అలాగని ఎన్ని పరీక్షలు చేయించుకుంటే అంత మేలు అనుకోవడం కూడా పొరపాటే. 2019లో వైద్య అధ్యయనాలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ 17 అధ్యయనాలను, దాదాపు రెండున్నర లక్షల మంది వివరాలను కలిపి సమీక్షించింది. అందరికీ ఒకే మూసలో చేసే చెకప్‌ల వల్ల మరణాలు తగ్గినట్టు అందులో తేలలేదు. దీన్నిబట్టి చెకప్ దండగ అని నేను అనను. మీ వయసుకు, మీ ఇంట్లో ఉన్న జబ్బులకు, మీ అలవాట్లకు తగిన నాలుగు పరీక్షలు సరిగ్గా చేయించుకుని, వాటి గురించి డాక్టర్‌తో కూర్చుని మాట్లాడితే ఎంతో ఉపయోగం. ఎనభై పరీక్షల కాగితం తెచ్చి బీరువాలో పెట్టుకుంటే ఏమీ లేదు. ఈ తేడా మనసులో పెట్టుకుని కింది అడుగులు చదవండి.

ఒక హెచ్చరిక కూడా. నడిస్తే ఛాతీలో పట్టేసినట్టు ఉండడం, మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రొమ్ములో గడ్డ తగలడం, ఇలాంటివి ఏవైనా ఉంటే చెకప్ తేదీ దాకా ఆగకండి. అవి జబ్బు లక్షణాలు. వాటికి వేరే దారి, వేరే పరీక్షలు ఉంటాయి. వెంటనే డాక్టర్‌కు చూపించుకోవాలి.

మొదటి అడుగు: వారం ముందు ఒక కాగితం తయారు చేసుకోండి

చెకప్‌లో అన్నిటికంటే విలువైన సమాచారం మీ దగ్గరే ఉంటుంది, ఏ మిషనూ ఇవ్వలేదు. అమ్మానాన్నలకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఏ జబ్బులున్నాయో, అవి ఎన్నో ఏట మొదలయ్యాయో కనుక్కుని రాసుకోండి. జబ్బు పేరు ఒక్కటే చాలదు, వయసు కావాలి. "నాన్నకు గుండెపోటు వచ్చింది" అంటే డాక్టర్ వెంటనే అడిగేది "ఎన్నేళ్లప్పుడు?" అనే. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్ల లోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్ల లోపు గుండెజబ్బు వస్తే మీకున్న ముప్పు లెక్క మారుతుంది. 78వ ఏట వస్తే అంతగా మారదు. పెద్దపేగు క్యాన్సర్ విషయంలోనూ ఇంతే. దగ్గరి రక్తసంబంధీకుల్లో ఎవరికైనా అది వచ్చి ఉంటే, వాళ్లకు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు నుంచే మీకు పరీక్ష మొదలుపెట్టమని చెప్పే అవకాశం ఉంది.

ఇంట్లో పెద్దవాళ్లను ఇవి అడగడం కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. కొందరు చెప్పరు, కొందరు "అప్పట్లో ఏదో పొట్టలో గడ్డ అన్నారు" అని వదిలేస్తారు. అదైనా అలాగే రాసుకోండి. అసలేమీ లేకపోవడం కంటే ఆ ముక్కే నయం.

ఆ తర్వాత మందులు. రోజూ వేసుకునే మాత్రలన్నీ స్ట్రిప్పులతో సహా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. విటమిన్లు, మూలికల పొడులు, అప్పుడప్పుడు వేసుకునే నొప్పి మాత్రలు, ఇవన్నీ మందుల కిందకే వస్తాయి. ఉదాహరణకు జుట్టు కోసమని చాలామంది వాడే బయోటిన్ ఎక్కువ మోతాదులో ఉంటే థైరాయిడ్ లాంటి కొన్ని రక్తపరీక్షల ఫలితాలను తప్పుదారి పట్టిస్తుంది. ఆపాలా, ఎన్ని రోజుల ముందు ఆపాలి అన్నది ముందే అడగండి. డాక్టర్ రాసిచ్చిన మందులను మాత్రం సొంతంగా ఆపొద్దు.

పాత రిపోర్టులు ఉంటే తీసుకెళ్లండి. చివర్లో మీరు అడగాలనుకున్న ప్రశ్నలు రాసుకోండి, మూడు చాలు. డాక్టర్ ముందు కూర్చోగానే అడగాలనుకున్నవి మర్చిపోవడం మనందరికీ అలవాటే.

రెండో అడుగు: ఏ పరీక్షలు కావాలో తేల్చుకోండి

ప్యాకేజీ పేరు చూసి ఎంచుకోకండి. వీలైతే ముందు డాక్టర్‌ను కలిసి, ఆ తర్వాతే పరీక్షలు రాయించుకోండి. వయసుల విషయంలో దేశానికీ దేశానికీ మధ్య కొంత తేడా ఉన్నా స్థూలంగా లెక్క ఇలా ఉంటుంది.

బీపీ 18 దాటిన ప్రతివాళ్లూ చూపించుకోవాలి, 40 దాటితే ఏడాదికోసారైనా. బరువు ఎక్కువున్నవాళ్లు 35 నుంచి షుగర్ పరీక్ష మొదలుపెట్టాలని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2021లో చెప్పింది. ఇంట్లో షుగర్ ఉంటే, గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి ఉంటే ఇంకా ముందే చూడాలి. అదే సంస్థ పెద్దపేగు క్యాన్సర్ పరీక్షను 45 నుంచి 75 ఏళ్ల మధ్య చేయమంటోంది. దీనికి అందరూ కొలనోస్కోపీకే (గొట్టంతో పేగు లోపల చూసే పరీక్షకే) పోనక్కర్లేదు, ఏడాదికోసారి మలంలో కంటికి కనపడని రక్తం కోసం చేసే పరీక్ష కూడా ఒక దారే. రొమ్ము క్యాన్సర్ కోసం తీసే ఎక్స్‌రే, అంటే మామోగ్రామ్, ఆడవాళ్లకు 40 నుంచి 74 దాకా రెండేళ్లకోసారి అని 2024లో అదే సంస్థ చెప్పింది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి కొంచెం గట్టిగా చెప్పాలనిపిస్తోంది. ఆడవాళ్లు అన్నిటికంటే ఎక్కువగా వాయిదా వేసేది ఈ పరీక్షనే. సిగ్గు, భయం, "నాకెందుకు వస్తుంది" అన్న ధీమా, అన్నీ కలిసి ఏళ్లు గడిచిపోతాయి. ఈ క్యాన్సర్ దాదాపుగా హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది, క్యాన్సర్‌గా మారడానికి ముందు చాలా ఏళ్లు తీసుకుంటుంది. ఆ మధ్యలో పట్టుకుంటే చిన్న చికిత్సతో పోతుంది. 30 ఏళ్ల నుంచి 5 నుంచి 10 ఏళ్లకోసారి హెచ్‌పీవీ పరీక్ష చేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పరీక్ష అయిపోవడానికి కొద్ది నిమిషాలు పడుతుంది. కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, అంతే. కొన్నిచోట్ల శాంపిల్ మీరే తీసుకుని ఇచ్చే పద్ధతి కూడా ఉంది, అడిగి చూడండి.

పొగతాగేవాళ్ల సంగతి వేరు. రోజుకో ప్యాకెట్ చొప్పున 20 ఏళ్లు, లేదా రెండు ప్యాకెట్ల చొప్పున పదేళ్లు తాగిన 50 నుంచి 80 ఏళ్లవాళ్లు, ఇంకా తాగుతున్నా, మానేసి 15 ఏళ్లు దాటకపోయినా, ఊపిరితిత్తులకు తక్కువ రేడియేషన్‌తో చేసే సీటీ స్కాన్ గురించి అడగాలి. మగవాళ్లకు ప్రొస్టేట్ క్యాన్సర్ కోసం చేసే పీఎస్‌ఏ రక్తపరీక్ష 55 నుంచి 69 మధ్య లాభనష్టాలు మాట్లాడుకుని తేల్చుకోవాల్సింది, కళ్లు మూసుకుని చేయించుకోవాల్సింది కాదు.

మరి అక్కర్లేనివి? ఏ లక్షణమూ లేనివాళ్లకు సీఏ-125, సీఈఏ లాంటి "క్యాన్సర్ మార్కర్" పరీక్షలు చేయడం నాకు మింగుడుపడదు. సీఏ-125 నెలసరి సమయంలో కూడా పెరగొచ్చు. సీఈఏ పొగతాగేవాళ్లలో ఎక్కువ ఉండొచ్చు. నంబర్ పెరిగిందని చెప్పిన రోజు నుంచి ఆ ఇంట్లో నిద్ర ఉండదు, స్కాన్ మీద స్కాన్, చివరికి ఏమీ లేదని తేలుతుంది. ప్యాకేజీలో ఏదైనా పరీక్ష గురించి అనుమానం వస్తే ఒక్క ప్రశ్న అడగండి: "ఇందులో తేడా వస్తే మీరు తర్వాత ఏం చేస్తారు?" దానికి సరైన జవాబు రాకపోతే ఆ పరీక్ష మీకు అవసరం లేనట్టే.

మూడో అడుగు: ముందు రోజు, ఆ రోజు ఉదయం

పరగడుపున రమ్మంటే 8 నుంచి 12 గంటలు ఏమీ తినకూడదని అర్థం. మంచినీళ్లు మాత్రం తాగొచ్చు, తాగాలి కూడా. నీళ్లు తాగకుండా వెళ్తే నరం దొరకడం కష్టమవుతుంది. కాఫీ, టీ, చూయింగ్ గమ్, సిగరెట్ వద్దు. చక్కెర లేని కాఫీ అయినా వద్దు. ఎక్కువసేపు కడుపు మాడ్చుకుంటే రిపోర్టు ఇంకా బాగా వస్తుందని కొందరు 16 గంటలు ఉండి వెళ్తారు, దాని వల్ల లాభం లేదు.

మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీకి పరగడుపు అక్కర్లేదు. కొలెస్ట్రాల్‌కు కూడా ఇప్పుడు చాలాచోట్ల పట్టుబట్టడం లేదు. ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని ఒక రకం కొవ్వు) బాగా ఎక్కువ వస్తే అప్పుడు పరగడుపున మళ్లీ చేస్తారు. కానీ పొట్ట స్కానింగ్ ఉంటే ఖాళీ కడుపుతోనే వెళ్లాలి, తింటే పిత్తాశయం ముడుచుకుపోయి సరిగా కనపడదు.

షుగర్‌కు మాత్రలో ఇన్సులిన్నో వాడేవాళ్లు ఇక్కడ జాగ్రత్త. తినకుండా ఆ మందు వేసుకుంటే షుగర్ పడిపోయి కళ్లు తిరగొచ్చు. ఆ ఉదయం మందు ఏం చేయాలో ముందురోజే డాక్టర్‌ను అడగండి. రక్తం ఇచ్చిన వెంటనే తినడానికి ఏదైనా సంచిలో పెట్టుకోండి.

ఒకటి రెండు రోజుల ముందు నుంచి మద్యం, బరువులెత్తే కఠినమైన వ్యాయామం ఆపండి. గట్టిగా కసరత్తు చేస్తే కండరాల నుంచి వచ్చే ఏఎస్‌టీ ఎంజైమ్ పెరిగి లివర్ చెడిందేమో అన్న భ్రమ కలిగిస్తుంది. మూత్రంలో ప్రొటీన్ కూడా కనపడొచ్చు. నెలసరిలో ఉంటే మూత్ర పరీక్ష, గర్భాశయ ముఖద్వార పరీక్ష వాయిదా వేసుకోండి. గర్భం ఉండొచ్చన్న అనుమానం ఉంటే ఎక్స్‌రేకు ముందే చెప్పాలి. చేతులు సులువుగా పైకి మడిచే వదులు బట్టలు వేసుకోండి. ఈసీజీ ఉంటే ఛాతీకి నూనె, క్రీమ్ రాసుకోకండి.

నాలుగో అడుగు: బీపీ సరిగ్గా చూపించుకోండి

చెకప్ మొత్తంలో అతి మామూలుగా కనిపించేదీ, అతి తరచుగా తప్పు జరిగేదీ ఇదే.

ఒకసారి మా అమ్మను తీసుకెళ్లాను. లిఫ్ట్ పనిచేయడం లేదు, రెండంతస్తులు మెట్లెక్కాం. ఆయాసం తీరకముందే స్టూలు మీద కూర్చోబెట్టారు, వీపుకు ఆనుకోవడానికి ఏమీ లేదు. చీర మీద వేసుకున్న స్వెటర్ పైనుంచే పట్టీ చుట్టారు. మిషన్ గాలి నింపుతుండగానే "వయసెంతమ్మా? ఏం మందులు వాడతారు?" అని అడుగుతున్నారు, అమ్మ జవాబు చెబుతోంది. 162/94 వచ్చింది. అమ్మ ముఖం పాలిపోయింది. "కాసేపయ్యాక మళ్లీ చూస్తారా అండీ" అని బతిమాలాను. పది నిమిషాలు కుర్చీలో కూర్చుంది, స్వెటర్ చెయ్యి తీసేసింది, ఈసారి ఎవరూ మాట్లాడలేదు. 134/82. అదే చెయ్యి, అదే మిషన్.

అందుకే ఇవి గుర్తుంచుకోండి. అరగంట ముందు కాఫీ, సిగరెట్ వద్దు. మూత్రానికి వెళ్లి రండి, నిండిన మూత్రాశయం కూడా బీపీని పెంచుతుంది. వీపు ఆనించి, పాదాలు రెండూ నేలకు ఆనేలా, కాలు మీద కాలు వేసుకోకుండా 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. పట్టీ చర్మం మీదే చుట్టాలి, చెయ్యి లావుగా ఉంటే పెద్ద పట్టీ అడగండి, చిన్నదైతే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. కొలుస్తున్నంతసేపూ మాట్లాడకండి. ఒక నిమిషం ఆగి రెండోసారి చూడమనండి. ఇలా అడగడం అమర్యాదేం కాదు. మొహమాటానికి పోతే అక్కర్లేని మాత్ర మొదలవ్వొచ్చు.

ఆసుపత్రిలో చాలాచోట్ల 140/90 దాటితే ఎక్కువ బీపీ అంటారు. 2017 అమెరికా మార్గదర్శకం ఆ గీతను 130/80 దగ్గరికి దించింది. ఏదైనా సరే, ఒక్కసారి చూసి తేల్చేది కాదు. డాక్టర్‌ను చూస్తేనే బీపీ పెరిగేవాళ్లుంటారు, వాళ్లు ఇంట్లో వారం రోజులు ఉదయం, సాయంత్రం చూసి రాసుకుని తీసుకెళ్లడం మేలు. ఇంట్లో చూసుకునేటప్పుడు 135/85 దాటితే ఎక్కువ కింద లెక్క.

బరువు, ఎత్తు, నడుం చుట్టుకొలత కూడా ఇక్కడే తీసుకుంటారు. బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) కంటే నడుం కొలతను నేను ఎక్కువ పట్టించుకుంటాను, పొట్ట లోపలి కొవ్వు సంగతి బరువు తూచే మిషన్ చెప్పదు కాబట్టి.

ఐదో అడుగు: రక్తం, మూత్రం, ఈసీజీ, స్కానింగ్

సూది అంటే భయం ఉంటే, ఇంతకుముందు ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయి ఉంటే, కూర్చోకముందే చెప్పండి. పడుకోబెట్టి తీస్తారు, మీరేమీ చిన్నతనంగా అనుకోనక్కర్లేదు. మోచేయి పైన రబ్బరు పట్టీ కడతారు, స్పిరిట్ రాస్తారు, అది ఆరేదాకా ఆగుతారు. తర్వాత చీమ కుట్టినట్టు చిన్న నొప్పి. ఒకే సూదితో మూడు నాలుగు ట్యూబులు నింపడం చూసి "ఇంత రక్తమా" అనుకుంటారు చాలామంది. ట్యూబు మూతల రంగులు చూడండి. ఊదా రంగు మూతలో రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు ఉంటుంది, అది రక్తకణాలు లెక్కపెట్టడానికి. బూడిద రంగు మూతలో ఫ్లోరైడ్ ఉంటుంది, అది షుగర్‌కు. ట్యూబులో చేరాక కూడా రక్తకణాలు చక్కెరను తింటూనే ఉంటాయి, వాటిని ఆపడానికి ఆ ఫ్లోరైడ్. అన్నీ కలిపినా మీరిచ్చేది కొద్ది చెంచాల రక్తమే.

ట్యూబుల మీద మీ పేరు, వయసు మీ కళ్లముందే అంటించారో లేదో చూసుకోండి. సూది తీశాక దూది పెట్టి మోచేయి మడవడం మనకు అలవాటు, అలా చేస్తే చర్మం కింద నీలంగా కమిలే అవకాశం ఎక్కువ. చెయ్యి చాపి రెండు మూడు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోండి.

మూత్రం శాంపిల్‌కు మొదట వచ్చేది వదిలేసి, మధ్యలోది డబ్బాలో పట్టాలి. ఈసీజీకి పడుకోబెట్టి ఛాతీకి, చేతులకు, కాళ్లకు మొత్తం 10 చోట్ల అతికిస్తారు. శరీరంలోకి కరెంటేమీ పంపరు, గుండెలో పుట్టే సంకేతాలనే రాస్తుంది. కదలకుండా, మాట్లాడకుండా ఉంటే క్షణాల్లో అయిపోతుంది. పొత్తికడుపు స్కానింగ్‌కు మూత్రాశయం నిండి ఉండాలంటారు, అందుకే మూత్రం శాంపిల్ ఇచ్చేముందే స్కానింగ్ వంతు ఎప్పుడో అడిగి తెలుసుకోండి.

ఆరో అడుగు: డాక్టర్ గదిలో

చాలామంది రక్తం ఇచ్చి ఇంటికి వచ్చేసి, రిపోర్టు ఫోన్‌లో చూసుకుని చెకప్ అయిపోయిందనుకుంటారు. అసలు చెకప్ ఈ గదిలోనే ఉంది.

మీ నిద్ర, తాగుడు, పొగ, నడక, పని ఒత్తిడి గురించి అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పండి. "అప్పుడప్పుడు" అనకండి, వారానికి ఎన్నిసార్లో, ఎంతో చెప్పండి. గత రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకపోవడం, మనసు దిగులుగా ఉండడం గురించి కూడా అడగొచ్చు. అది డిప్రెషన్‌ను పట్టుకునే చిన్న పరీక్ష. అక్కడ నవ్వేసి దాటేయకండి. గురక పెడతారా, పగలు నిద్ర ముంచుకొస్తుందా, పడక గదిలో ఇబ్బందులున్నాయా, ఇవన్నీ ఆరోగ్యానికి సంబంధించినవే.

గుండె, ఊపిరితిత్తులు స్టెతస్కోపుతో వింటారు, పొట్ట నొక్కి చూస్తారు, కాళ్ల వాపు, చర్మం, మెడ చూస్తారు. రొమ్ము, మర్మాంగాల పరీక్ష అవసరమైతే ఎందుకో ముందు చెప్పి మీ అనుమతి తీసుకోవాలి. తోడుగా ఒకరు గదిలో ఉండాలని అడిగే హక్కు మీకుంది, వద్దనే హక్కూ ఉంది. వేయించుకోవాల్సిన టీకాలేమైనా మిగిలాయా అని మీరే అడగండి. ధనుర్వాతం టీకా పదేళ్లకోసారి అని పెద్దవాళ్లలో చాలామందికి గుర్తుండదు.

ఏడో అడుగు: రిపోర్టు చదవడం

రిపోర్టులో ముద్ద అక్షరాలతోనో ఎర్రగానో కనిపించిన ప్రతి అంకె జబ్బు కాదు. సాధారణంగా "నార్మల్" అని పక్కన వేసే హద్దులను, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 95 శాతం మంది పడేలా గీస్తారు. అంటే ఏ జబ్బూ లేని 20 మందిలో ఒకరు ఆ గీత బయటే ఉంటారు. ఒకదానికొకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయిస్తే, పూర్తి ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా ఏదో ఒకదానిలో తేడా కనపడే అవకాశం దాదాపు 64 శాతం. పెద్ద ప్యాకేజీ అంటే నాకు జంకు ఇందుకే.

కొన్ని అంకెలకు మాత్రం గట్టి అర్థం ఉంది. పరగడుపు షుగర్ 100 లోపు ఉంటే సరే, 100 నుంచి 125 దాకా షుగర్‌కు ముందు దశ, 126 ఆపైన షుగర్ జబ్బు. హెచ్‌బీఏ1సీలో 5.7 లోపు, 5.7 నుంచి 6.4, 6.5 ఆపైన అని అదే మూడు మెట్లు. లక్షణాలు లేనివాళ్లకు మరో పరీక్షతో ఖాయం చేసుకున్నాకే పేరు పెట్టాలి. రక్తహీనత ఉన్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ తప్పు చెప్పవచ్చు, ఎందుకంటే అది సుమారు 120 రోజులు బతికే ఎర్రకణాలకు అంటిన చక్కెరను కొలుస్తుంది. ఆ కణాల లెక్క తప్పితే దీని లెక్కా తప్పుతుంది.

చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్‌ను ఒంటరిగా చూడకూడదు. వయసు, బీపీ, షుగర్, పొగ, కుటుంబ చరిత్ర కలిపి గుండెకు ముప్పెంతో డాక్టర్ లెక్కగట్టాక మందు మాట. 190 దాటితే మాత్రం అది ఒక్కటే పట్టించుకోవాల్సినంత పెద్ద విషయం. కిడ్నీల పనితీరు చెప్పే ఈజీఎఫ్‌ఆర్ 60 కంటే తగ్గి, మూడు నెలల తర్వాత కూడా అలాగే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. ఒక్కసారి తగ్గిందని హడలిపోనక్కర్లేదు. మళ్లీ చేయించుకోవడం మాత్రం మానకూడదు.

స్కానింగ్‌లో "ఫ్యాటీ లివర్", "కిడ్నీలో చిన్న సిస్ట్" (నీటి తిత్తి), "పిత్తాశయంలో రాయి" అని రాస్తే రాత్రంతా ఇంటర్నెట్‌లో వెతక్కండి. మామూలు సిస్ట్‌లకు ఎక్కువగా ఏమీ చేయరు, నొప్పి లేని రాయికి ఆపరేషన్ అవసరం పడకపోవచ్చు. ఫ్యాటీ లివర్‌కు మాత్రం బరువు తగ్గడం నిజంగా పనిచేస్తుంది.

ఎనిమిదో అడుగు: ఇంటికొచ్చాక

డాక్టర్ గదిలోంచి లేచేముందు మూడు విషయాలు రాయించుకోండి: ఇప్పుడు మార్చాల్సింది ఏమిటి, మళ్లీ చేయించాల్సిన పరీక్ష ఏది, ఎన్ని నెలలకు. "అన్నీ బాగున్నాయి" అంటే కూడా తర్వాత ఎప్పుడు రావాలో అడగండి, అన్ని పరీక్షలూ ఏడాదికోసారి అవసరం ఉండవు. మళ్లీ చేయించేటప్పుడు వీలైనంత వరకు అదే ల్యాబ్‌కు వెళ్లండి. ల్యాబ్ మారితే పద్ధతి మారి, అంకె పెరిగిందో తగ్గిందో తెలియకుండా పోతుంది.

రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో తేదీ వరుసలో పెట్టి, ఫోన్‌లో ఫొటోలు ఉంచుకోండి. ఆ రోజు ఎన్ని గంటలు పరగడుపున ఉన్నారో, ఏ మందులు వాడుతున్నారో, అంతకుముందు వారం జ్వరమేమైనా వచ్చిందో రిపోర్టు మూలన పెన్నుతో రాసి పెట్టండి. ఏదైనా అంకె తేడాగా ఉంటే వచ్చేసారి డాక్టర్ మొదట అడిగేవి ఇవే.